గేజి చెప్పిన మాట

(షువైఖ్‌లో ఒక శుక్రవారం సాయంత్రం తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన "విజ్ఞాన ప్రసంగం" అని అచ్చు వేశారు. దాని తర్వాత పాటలు, పాటల తర్వాత భోజనాలు ఉన్నాయి. బిర్యానీ వాసన ఇప్పటికే వస్తోంది కాబట్టి నా పరిస్థితి నాకు తెలుసు.

నేను శాస్త్రవేత్తను కాను. వాల్తేరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, 1998లో కువైట్ వచ్చి, అప్పటి నుంచీ ఈ షువైఖ్ పారిశ్రామిక వాడలో ఏసీలు, చిల్లర్లు, కోల్డ్ స్టోరేజీలు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి. మరి క్వాంటమ్ గురించి మాట్లాడటానికి నాకేం పని? రెండో వరుసలో కూర్చున్న మా రాజంపేట అన్న పెట్టిన పని ఇది. అన్న ఇక్కడి రేవులో క్రేను నడుపుతాడు. వాళ్ళ అబ్బాయి ఇండియాలో ఎమ్మెస్సీ పూర్తి చేశాడు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒకటి వచ్చింది. జర్మనీలో పీహెచ్‌డీ సీటు కూడా వచ్చింది. వాడు జర్మనీ అంటాడు. అన్నకు ఇంటి లోను ఇంకా తీరలేదు. పోయిన నెల నా షెడ్డుకు వచ్చి, అబ్బాయి రాసిచ్చిన కాగితం ముక్క నా చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది: "శీతల పరమాణువులతో జాలక క్షేత్ర నమూనాల క్వాంటమ్ అనుకరణ". "దీంట్లో నాకు అర్థమైంది 'శీతల' ఒక్కటే. చలి నీ డిపార్టుమెంటే కదప్పా, మిగతాది కూడా నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. నెలరోజులు పుస్తకాలు తిరగేసి ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను.

ముందు సమస్య. మన ఒంట్లో పరమాణువులు, వాటి నడుమ కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. ఇక్కడి వరకూ పదో తరగతి పాఠమే. ప్రోటాను లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలున్నాయి. మూడు క్వార్కుల సొంత బరువులూ కూడితే ప్రోటాను బరువులో సుమారు నూరో వంతే వస్తుంది. తక్కినదంతా వాటిని ఒకచోట కట్టిపడేసిన బలం తాలూకు శక్తి. 70 కిలోల మనిషిలో క్వార్కుల సొంత బరువు 700 గ్రాములో ఎంతో. మిగిలిన 69 కిలోల పైచిలుకూ ఆ కట్టుబాటు శక్తే. డైటింగు చేసేవాళ్ళు నిరాశ పడకండి, అది బిర్యానీ మానేస్తే తగ్గేది కాదు.

రెండు క్వార్కులను విడదీయబోతే వాటి మధ్య బలం రబ్బరు దారంలా సాగుతుంది. అయస్కాంతమైతే దూరం పెరిగేకొద్దీ పట్టు సడలుతుంది. ఇక్కడ సడలదు. ఆ పట్టు ఎంతో తెలుసా అన్నా? సుమారు 16 టన్నుల బరువు! నువ్వు రోజూ ఓడ మీంచి దించే కంటెయినరంత. అది కూడా మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటి రెండు ముక్కలంత వెడల్పున్న జాగాలో. ఇంకా లాగితే ఆ దారం తెగుతుంది. తెగినచోట కొత్తగా ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు పుట్టి, తెగిన కొసలను పట్టుకుంటాయి. మళ్ళీ కట్టుబడినవే మిగులుతాయి. ఒంటరి క్వార్కును ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. ఈ దారం తెగడం క్షణం తర్వాత క్షణం ఎలా జరుగుతుంది? సమీకరణాలు 1970ల నుంచీ చేతిలో ఉన్నాయి. దారం తెగుతోంది గానీ లెక్క తెగడం లేదు.

1974లో కెన్నెత్ విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పాడు. స్థలాన్ని అఖండంగా కాక, చుక్కలు చుక్కలుగా ఊహించుకోమన్నాడు. అమ్మలక్కలకు ఇది చెప్పక్కర్లేదు, చుక్కల ముగ్గే. చుక్కల మీద క్వార్కులుంటాయి. చుక్కను చుక్కను కలిపే గీతల మీద బలం ఉంటుంది. ఇదే జాలక క్షేత్ర సిద్ధాంతం. ఇంగ్లీషు వాళ్ళ పేరులో "గేజ్" అనే మాట కూడా ఉంటుంది. అది చూసినప్పుడు నాకు భలే సంతోషమైంది. మా వృత్తిలో మెడలో వేసుకు తిరిగేదే గేజి! 1918లో హెర్మన్ వైల్ అనే జర్మన్ ఆ మాటను కొలబద్ద అనే అర్థంలోనే భౌతికశాస్త్రంలోకి తెచ్చాడు. మా గేజి మీద సున్నా అంటే పీడనం లేదని కాదు, బయటి గాలితో సమానమని. సున్నా ఎక్కడ పెట్టుకోవాలన్నది మన ఇష్టం, పనిచేసేది తేడా మాత్రమే. ముగ్గులో ఒక్కో చుక్క దగ్గర సున్నాను ఒక్కో రకంగా పెట్టుకున్నా లోకం మారకూడదు, ఆ సర్దుబాటును గీతలు మోయాలి అని పట్టుబడితే, బలం ఎలా ఉండాలో దానంతటదే తేలుతుంది. ఇంతకంటే లోతుగా చెప్పాలంటే నాకూ కష్టమే.

ఆ పట్టుదలలోంచి ఒక నియమం వస్తుంది. దాన్ని గాస్ నియమం అంటారు. ప్రతి చుక్క దగ్గరా, లోపలికి వచ్చిన బలరేఖలకూ బయటికి పోయినవాటికీ ఉన్న తేడా, ఆ చుక్క మీద ఉన్న ఆవేశంతో సరిపోవాలి. ఒక్క చుక్క దగ్గర తప్పినా ముగ్గు చెడినట్టే. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

విల్సన్ ముగ్గును కంప్యూటర్లలో పెట్టి శాస్త్రవేత్తలు గొప్ప పనులే చేశారు. 2008లో ప్రోటాను బరువును మొదటి సూత్రాల నుంచి లెక్కగట్టి, కొలిచిన విలువకు కొద్ది శాతం లోపున తెచ్చారు. వాళ్ళ పద్ధతి బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి మొత్తం రకం చెప్పడం లాంటిది. నిలకడగా ఉన్న ప్రశ్నలకు ఇది పనిచేస్తుంది. కాలంతోపాటు ఏం జరుగుతుందని అడిగితే మాత్రం గింజల్లో కొన్ని ప్లస్సు, కొన్ని మైనస్సు అయిపోతాయి. జమా కోట్లలో, ఖర్చూ కోట్లలో, మనకు కావలసిన తేడా మాత్రం నాలుగు ఫిల్సులు అనుకోండి. గుప్పెడు రసీదులు తీసి ఆ నాలుగు ఫిల్సులు ఎలా పట్టుకుంటారు? దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు "సైన్ ప్రాబ్లమ్", అంటే గుర్తుల చిక్కు.

పోనీ గుప్పెడు కాక బస్తా మొత్తం లెక్కపెడదామంటే అదీ కుదరదు. ఒక్కో చుక్కకు రెండే స్థితులు ఉన్నాయనుకున్నా, 10 చుక్కలకు 1,024 రకాలు. 50 చుక్కలకు లక్ష కోట్లకు వెయ్యి రెట్లు దాటుతాయి. 300 చుక్కలకు మనకు కనిపించే విశ్వంలోని పరమాణువుల సంఖ్య కూడా చాలదు. మన వీధిలో సంక్రాంతి ముగ్గుకు 300 చుక్కలు పెద్ద లెక్కా?

ఇక్కడ 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ఉపన్యాసంలో దారి చూపించాడు. క్వాంటమ్ వస్తువును మామూలు కంప్యూటరు మీద లెక్కవేయడం ఇంత కష్టమైతే, మరో క్వాంటమ్ వస్తువుతోనే దాన్ని అనుకరించమన్నాడు. ఇది వింత ఆలోచన కాదు. పూణే దగ్గర ఖడక్వాస్లాలో 1916 నాటి జల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఆనకట్టలకూ రేవులకూ చిన్న నమూనాలు కట్టి, నీళ్ళు వదిలి చూస్తారు. నీటి సుడిని కాగితం మీద లెక్కగట్టడం కష్టం, నీటికి మాత్రం కష్టం కాదు. అదే న్యాయం ఇక్కడా. క్వార్కుల దారం ఏ నియమానికి లోబడుతుందో ఆ నియమానికే లోబడే బొమ్మ ఒకటి కట్టండి. దేనితో కట్టాలి? అక్కడే అబ్బాయి కాగితంలోని "శీతల" వస్తుంది.

ఇప్పుడు నా డిపార్టుమెంటు. 2016 జూలై 21న మన మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, మీలో చాలామంది అనుభవించారు. మా ఏసీ దాన్ని 24కు దించుతుంది. కోల్డ్ స్టోరేజీ మైనస్ 18కి. ద్రవ నైట్రోజన్ మైనస్ 196. అన్నిటికీ అడుగున ఉన్నది మైనస్ 273.15, అంతకంటే కిందికి లేదు. ఈ పరమాణువులను ఆ అడుగుకు డిగ్రీలో కోట్లో వంతు, ఒక్కోసారి అంతకన్నా దగ్గరకు తీసుకుపోతారు. కంప్రెసరు ఉండదు, గ్యాసు ఉండదు. కాంతితో చల్లబరుస్తారు!

మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. మన ఊళ్ళో కాంతి అంటే ఎండ, ఎండ అంటే వేడి. కిటుకు ఇది. గది వేడిలో రుబీడియం పరమాణువు సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఎదురుగా లేజరు పెడతారు, దాని రంగును పరమాణువుకు నచ్చే రంగు కంటే ఒక పిసరు తక్కువలో. ఎదురు వచ్చే పరమాణువుకు అది సరైన రంగుగా కనిపిస్తుంది. రైలు ఎదురొస్తుంటే కూత హెచ్చుగా వినిపించినట్టు. అప్పుడది ఒక కాంతికణాన్ని మింగి, సెకనుకు 6 మిల్లీమీటర్ల చొప్పున తగ్గుతుంది. 300 మీటర్లకు 6 మిల్లీమీటర్లు ఏ మూలకి అంటారా? యాభైవేల సార్లు మింగితే ఆగిపోతుంది, ఆ యాభైవేలకూ పట్టేది సెకనులో చిన్న తునక. మింగినదానికంటే కక్కిన కాంతిలో శక్తి కాస్త ఎక్కువ ఉంటుంది. అంటే వేడిని బయటికి మోసుకుపోయేది ఆ కాంతే. మా ఏసీ వెనక వేడిగాలి కొట్టినట్టే. ఈ విద్యకు 1997లో నోబెల్ ఇచ్చారు.

ఇక్కడ మన తెలుగువాణ్ణి ఒకరిని తలచుకోవాలి. పరమాణువులను ఒకచోట నిలిపే పంజరంలో లేజరు కాంతిని కుడి చుట్టుగా, ఎడమ చుట్టుగా తిప్పి పంపుతారు. కాంతికణానికి ఇలా తనదైన భ్రమణం ఉంటుందని 1931లో రామన్‌తో కలిసి ప్రయోగంతో చూపినవారు సూరి భగవంతం గారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవారు. తర్వాత మా వాల్తేరులోనే పాఠం చెప్పారు. ఎమ్మెస్సీలో ఆయన పేరు వినడం తప్ప, ఆ ప్రయోగం దేనికి పనికొస్తుందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

లేజరు తర్వాత మరో మెట్టు ఉంది, అది కుండ విద్య. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? వేడి ఎక్కువున్న అణువులు ఆవిరైపోతాయి, మిగిలినవి చల్లబడతాయి. ఈ షువైఖ్‌లో 1953 నుంచి సముద్రపు నీటిని ఆవిరి పట్టి మంచినీళ్ళు చేశారు, అంతకు ముందు పడవల్లో షత్ అల్ అరబ్ నుంచి తెచ్చుకునేవారు. ఇక్కడివాళ్ళకు ఆవిరి గురించి నేను చెప్పేదేముంది! పంజరం గోడను మెల్లగా దించితే జోరుగా ఉన్న పరమాణువులు దూకి పోతాయి, మిగిలినవి మరీ చల్లబడతాయి. 1995లో అమెరికాలో ఇలాగే, 1924లో మన సత్యేంద్రనాథ్ బోస్ మొదలుపెట్టి ఐన్‌స్టీన్ పూర్తిచేసిన ఊహను నిజం చేసి చూపించారు.

ఇక ముగ్గు వేయాలి. ఎదురెదురుగా రెండు లేజర్లు వేస్తే కాంతి అలలు కలిసి నిలిచిపోతాయి. కోడిగుడ్ల అట్టలా గుంటలు, మిట్టలు ఏర్పడతాయి. గుంటకూ గుంటకూ దూరం మిల్లీమీటరులో సుమారు రెండువేలో వంతు. పరమాణువులు ఆ గుంటల్లో కూర్చుంటాయి. 2002లో మ్యూనిక్‌లో లక్షకు పైగా గుంటలున్న ఇలాంటి అట్టలో, పరమాణువులు గుంటకొకటిగా కదలకుండా కూర్చోవడం, మళ్ళీ అన్నీ కలిసి ప్రవహించడం చూపించారు. లేజరు జోరు తిప్పడమే పని, మా థర్మోస్టాట్ తిప్పినట్టు.

అయితే గుంటల్లో పరమాణువులు ఉన్నంత మాత్రాన అవి క్వార్కులైపోవు. అవి గాస్ నియమానికి కట్టుబడాలి. వాటికి ఆ నియమం పుట్టుకతో రాదు, మనం నేర్పాలి. అసలు కష్టం ఇదే. 2016లో ఇన్స్‌బ్రుక్ వాళ్ళు నాలుగే నాలుగు కాల్షియం అయాన్లతో కణం, ప్రతికణం జంటగా పుట్టడాన్ని అనుకరించారు. 2020లో హైడెల్‌బర్గ్ వాళ్ళు సోడియం, లిథియం పరమాణువులు కలిపి ముగ్గులో ఒక్క తునక కట్టారు. అదే ఏడాది చైనాలోని హెఫై ప్రయోగశాలలో, హైడెల్‌బర్గ్ సిద్ధాంతకర్తల సాయంతో, 71 గుంటల వరసను కట్టారు. ఒక గుంట పదార్థానికి, పక్క గుంట గీతకు. రెండు పదార్థపు పరమాణువులు మాయమై నడుమ ఉన్న గీత గుంటలో జంటగా తేలతాయి, తిరిగి విడిపోతాయి. అంతా చేసి, ప్రతి మూడు గుంటల కూర్పులోనూ గాస్ నియమం నిలిచిందా లేదా అని కొలిచారు.

ఈ కొలత దగ్గర నేను చదవడం ఆపి, లేచి టీ పెట్టుకున్నాను. ఎందుకంటే అది నేను రోజూ చేసే పని. పైపులు అతికాక గ్యాసు నింపే ముందు నైట్రోజన్ కొట్టి, సబ్బునీళ్ళు పట్టుకుని జాయింటు జాయింటూ చూస్తాం. చిల్లర్ రేపు ఎంత చల్లగా చేస్తుందో అప్పటికి తెలియదు. జాయింట్లలో లీకు లేదని మాత్రం తెలుస్తుంది. వాళ్ళదీ అదే స్థితి. పెద్ద ముగ్గుకు సరైన జవాబు ఏ కంప్యూటరూ చెప్పలేదు, చెప్పగలిగితే ఈ బొమ్మ కట్టే అవసరమే లేదు. జవాబు తెలియని లెక్కను దిద్దడం ఎలా? చిన్న ముగ్గులైతే కంప్యూటరుతో పోల్చి చూస్తారు. పెద్దవైతే చుక్క చుక్క దగ్గరా లీకు చూస్తారు. ఇంకోటి, వేరే చోట వేరే సరంజామాతో కట్టిన బొమ్మ ఏం చెబుతోందో చూస్తారు.

లీకు లేనంత మాత్రాన చల్లగా ఉందని కాదు, ఇది నాకు డబ్బులు పోగొట్టుకుంటే తెలిసింది. 2003లో రేవు దగ్గర ఒక చేపల గోదాములో నేనే పని చేశాను. లీకు లేదు. గేజీలన్నీ బాగున్నాయి. థర్మామీటరు మైనస్ 18 చూపిస్తోంది. అయినా మూడో రోజు తలుపు వైపు పెట్టెల్లోంచి నీళ్ళు కారాయి. సెన్సరును చల్లగాలి బయటికొచ్చే మూతి దగ్గర బిగించాను, గాలి తిరిగొచ్చే వైపు బిగించాల్సింది. అది అబద్ధం చెప్పలేదు. తానున్న చోటు గురించి నిజమే చెప్పింది. గోదాము అంతటి గురించి చెబుతోందని అనుకున్నది నేను. ఆ నెల జీతం చేపలకే పోయింది. అప్పటి నుంచి రెండో థర్మామీటరు లేనిదే ఏ గదికీ తాళం ఇవ్వను.

అందుకే 2025 సంగతి నాకు నచ్చింది. ఆ ఏడాది రెండు వేర్వేరు యంత్రాల ఫలితాలు వచ్చాయి. ఒకటి, లేజరు చిమటాలతో పట్టుకుని, బుట్ట అల్లికలా ఆరు మూలల కన్నాలొచ్చేట్టు పేర్చిన రుబీడియం పరమాణువులది. అందులో వరస కాక, పరచిన ముగ్గులోనే, దారం తెగడాన్ని చూశారు. ఇందాక చెప్పిన 16 టన్నుల దారానికి ఇది బొమ్మ. రెండోది గూగుల్ వాళ్ళది. పరమాణువులు కాదు, అతివాహక సర్క్యూట్లు. అదే లెక్క కాదు గానీ అదే జాతి. వాళ్ళూ ఆవేశాల మధ్య దారం కదలడాన్ని చూశారు. రెండు గేజీలు ఒకే వైపు చూపించడం మొదలైంది.

మన దేశం వాళ్ళు ఇందులో లేరా అంటే ఉన్నారు. ముగ్గును క్వాంటమ్ యంత్రానికి నప్పే భాషలోకి మార్చే పనిలో చెన్నై మేథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో రమేష్ అనిశెట్టి, ఆయనతో కలిసి మను మాథుర్, ఇంద్రాక్షి రాయ్‌చౌధురి పేపర్లు రాశారు. 2012లో శీతల పరమాణువులతో ఈ పని ఎలా చేయవచ్చో వేసిన తొలి పథకాల్లో ఒకదాని మొదటి పేరు దేబాశీష్ బెనర్జీది.

ఇప్పుడు అన్న అసలు ప్రశ్న. దేనికి పనికొస్తుంది? దాచకుండా చెబుతాను. నిజమైన ప్రోటానును, మూడు కొలతల ముగ్గులో, మూడు రంగుల క్వార్కులతో ఇలా అనుకరించినవారు ఇంతవరకు ఎవరూ లేరు. అయినవన్నీ బొమ్మలే, ఒక వరస లేదా ఒక పరుపు. నాలుగేళ్ళలో మీ వాడు దాన్ని పూర్తిచేసి రాడు. ఇంకొకటి, క్వాంటమ్ అని పేరున్నదంతా ఒకటి కాదు. 2023లో కేంద్రం 6,003.65 కోట్ల క్వాంటమ్ మిషన్‌కు ఒప్పుకుంది. 2025లో అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని, ఐబీఎం యంత్రం అని ప్రకటించారు. మన వాట్సాప్‌లు హోరెత్తాయి. ఆ ఐబీఎం యంత్రం అతివాహక సర్క్యూట్లది, దానిలో శీతల పరమాణువులు ఉండవు. ఆ హోరు చూసి పిల్లవాణ్ణి జర్మనీ పంపితే పొరపాటు. ఆ హోరు చూసి నమ్మకం పోగొట్టుకున్నా పొరపాటే.

వాడు అక్కడ నేర్చేది మాత్రం గట్టి చేతిపని. లేజర్లు, వాక్యూమ్ పంపులు, సెకనులో లక్షో వంతు తేడా రాకుండా నడిచే ఎలక్ట్రానిక్స్, వీటన్నిటి మీదా కూర్చున్న ప్రోగ్రాములు. పోయిన వారం ఫోనులో అడిగాను, "రోజూ ఏం చేస్తారురా అక్కడ?" అని. "ఎక్కువ రోజులు లీకులు వెతుకుతారంట మామా" అన్నాడు. వాక్యూమ్ గొట్టానికి హీలియం కొట్టి, జాయింటు జాయింటూ చూస్తారట. నాకు నవ్వొచ్చింది. 1998లో నాకూ ఒక రిసెర్చి సీటు ఉండేది. చెల్లెలి పెళ్ళి అప్పు ఉండేది. నేను ఏది ఎంచుకున్నానో మీకు తెలుసు. అన్న చేసే లెక్క తప్పని నేననను. లోను ఎంతో, నెలకు ఎంత కట్టాలో నాకు చూపించాడు. జర్మనీలో పీహెచ్‌డీ వాళ్ళకు ఫీజు కాదు, జీతమిస్తారు. బెంగుళూరు ఆఫరు కంటే అది ఎక్కువో తక్కువో, ఖర్చులు పోను ఎంత మిగులుతుందో, నేనూ వాడూ కలిసి ఒక కాగితం మీద వేశాం. ఆ కాగితం నా జేబులో ఉంది. సభ అయ్యాక ఇస్తాను. అది కూడా ఒక గేజే, రెండోది నువ్వు చూసుకో.

సీటు ఖాయం చేయడానికి గడువు ఇంకా పదకొండు రోజులుంది. నా మాటలయ్యాయి. ప్రశ్నలుంటే... అదిగో, అన్నే చెయ్యెత్తాడు. మైకు అటు ఇవ్వండి.